అధ్యయనానికి ఇచ్చే రక్తం వేరు, మీ పరీక్ష వేరు

ప్రశ్న: అమ్మకు అండాశయ క్యాన్సర్. బీఆర్‌సీఏ1 మ్యుటేషన్ (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యు మార్పు) ఉందని రిపోర్టు వచ్చింది. నాకు 31 ఏళ్లు. వంశపారంపర్య క్యాన్సర్లపై చేస్తున్న అధ్యయనానికి రక్తం ఇమ్మని ఆసుపత్రిలో అడిగారు. ‘ఇస్తే నీకుందో లేదో కూడా పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది’ అంటున్నారు మావారు. ఇవ్వమంటారా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఇవ్వండి. అయితే మీవారి లెక్క తప్పొచ్చు. అధ్యయనంలో మీ ట్యూబు మీద పేరు బదులు కోడ్ నంబరు వేస్తారు. నమూనాలు పోగయ్యాక ఒకేసారి పరీక్షిస్తారు, అందుకు నెలలూ ఏళ్లూ పట్టొచ్చు. ఎవరి ఫలితం వాళ్లకు చెప్పబోమని అంగీకార పత్రంలోనే రాసుకునే అధ్యయనాలూ ఉన్నాయి. కబురు రాలేదు కాబట్టి నాకేమీ లేదనుకోవడమే ఇక్కడ జరిగే అసలు పొరపాటు. ఒకవేళ చెప్పినా, ఆ కాగితాన్ని బట్టి ముందుజాగ్రత్తగా అండాశయాలు తీయించుకోకూడదు. మళ్లీ రక్తం ఇచ్చి, ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబులో ఖాయం చేసుకోవాలి.

మీ సొంత పరీక్ష అంత పెద్ద పనేం కాదు. అమ్మ రిపోర్టు జిరాక్సు తీసుకెళ్లండి. ‘బీఆర్‌సీఏ1 పాజిటివ్’ అన్న ముక్క చాలదు. ‘సి.68_69డెల్’ లాంటి కోడ్ ఒకటి ఉంటుంది, జన్యువులో మార్పు సరిగ్గా ఎక్కడుందో చెప్పేది. కావాల్సింది అది. అదుంటే ల్యాబువాళ్లు ఆ ఒక్క చోటే చూస్తారు, ఖర్చూ తగ్గుతుంది. లేకపోతే బోలెడు జన్యువులు వెతికి ‘వీయూఎస్’ అని రాసివ్వొచ్చు. అంటే మార్పు కనిపించింది, దాని అర్థం ఇంకా తేలలేదు అని. దాన్ని పట్టుకుని ఆపరేషన్ల దాకా వెళ్లకండి. ముందు కౌన్సెలింగ్‌కు పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అమ్మ మ్యుటేషన్ మీకు వచ్చే అవకాశం సగానికి సగం. అన్నదమ్ములుంటే వాళ్లకూ అంతే. మగవాళ్లకెందుకని వదిలేస్తారు గానీ, వాళ్ల నుంచి వాళ్ల కూతుళ్లకు రావచ్చు.

మరి అధ్యయనానికి ఇవ్వడం దేనికంటారా? బీఆర్‌సీఏ1 మ్యుటేషన్ ఉన్న మహిళల్లో 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ 72 శాతం మందికి, అండాశయ క్యాన్సర్ 44 శాతం మందికి వస్తుందన్న అంకెలు 2017లో వెలువడిన అధ్యయనానివి. అందులో దాదాపు పదివేల మంది మహిళలున్నారు, ఎక్కువమంది పాశ్చాత్యులే. మనవాళ్ల నమూనాలు తక్కువ కావడం వల్లే మన రిపోర్టుల్లో వీయూఎస్‌ల బెడద.

పత్రం తెలుగులో అడగండి. మిగిలిన నమూనాను వేరే పరిశోధనలకు వాడతారేమో చూడండి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అప్పటికే ప్రచురించింది మాత్రం వెనక్కి రాదు. సంతకం చేసిన ప్రతి ఒకటి ఇంటికి తెచ్చుకోండి.

ప్రశ్న: నాన్నకు, బాబాయికి పెద్దపేగు క్యాన్సర్. నాకు లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు వంటి క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపం) ఉందని తేలింది. ఆస్పిరిన్ వేసుకుంటే క్యాన్సర్ రాదట, నిజమేనా?
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: రాదని కాదు, తగ్గుతుందని. లించ్ ఉన్నవాళ్లపై చేసిన క్యాప్2 ట్రయల్‌లో 861 మందిలో సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావాళ్లకు మందు లేని మాత్ర ఇచ్చారు. కనీసం రెండేళ్లు వాడినవాళ్లలో తేడా కనిపించింది, అదీ కొన్నేళ్లు గడిచాక. ఎంత డోసు చాలన్నది తేల్చేందుకు తర్వాత క్యాప్3లో 100, 300, 600 మిల్లీగ్రాముల డోసులను పోల్చారు. మీ అంతట మీరు మందుల షాపులో కొని మొదలుపెట్టకండి. కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. పైగా మన ఊళ్లో వానలు మొదలైతే డెంగీ. అందులో ఆస్పిరిన్ ప్రమాదం, జ్వరం రాగానే డాక్టరుకు ఈ మాత్ర సంగతి చెప్పాలి. మాత్ర వేసుకుంటున్నామని కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) మానకూడదు.

మందుల ట్రయల్‌లో చేరమని ఎవరైనా అంటే సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై వచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా వాళ్లే చేయించాలి. నంబరు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి.