యాభై రూపాయల కేసు

(పాఠకుల న్యాయ సందేహాలకు, విశాఖపట్నం కోర్టుల్లో ప్రభుత్వం తరఫున చాలా ఏళ్లు కేసులు నడిపి రిటైరైన న్యాయవాది జవాబులు)

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది కంచరపాలెం. మా వీధిలో ఒక నల్ల కుక్క ఉంది, పిల్లలు దాన్ని కాటుక అని పిలుస్తారు. చెవి కొసన కత్తిరింపు ఉంది, అంటే ఆపరేషన్ అయినదే. ఇంతవరకూ ఎవరినీ కరవలేదు. పోయిన నెల పదో తారీఖున, తన గుమ్మంలో పడుకుందని మా ఎదురింటాయన దాని వీపు మీద మరుగుతున్న గంజి పోశాడు. తోలు ఊడివచ్చింది. స్టేషన్‌కి వెళ్తే అక్కడున్నాయన "యాభై రూపాయల కేసుకి ఏటమ్మా ఇంత గోల, ఎదురెదురిళ్లోళ్లు, సర్దుకోండి" అన్నారు. మా వారిదీ అదే మాట. నిజంగా యాభై రూపాయలేనా? శిక్షలు పెంచుతున్నారని ఆ మధ్య చదివాను, అదేమైంది? నేనిప్పుడు ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, కంచరపాలెం

జవాబు: స్టేషన్‌లో ఆయన మీకు అబద్ధం చెప్పలేదమ్మా. సగం చెప్పారు.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. అందులో 11వ సెక్షన్ ప్రకారం కొట్టినా, మోయలేని బరువు మోయించినా, హింస పెట్టినా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకూ జైలు, లేదా రెండూ. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ సొంతంగా బిల్లు పెట్టి పట్టుబట్టాకే ప్రభుత్వం ఈ చట్టం తెచ్చింది. అప్పట్లో యాభై చిన్న మొత్తం కాదు. మా నాన్నగారు పోర్టులో గుమస్తా, జీతం నూట ఇరవై. ఆయనకి యాభై జరిమానా పడితే ఆ నెల మా ఇంట్లో పాలు, పేపరూ రెండూ బంద్. ఆ అంకెని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో వన్‌టౌన్ నుంచి ఒక ఎడ్లబండి కేసు వచ్చింది. ఇనుప ఊచల లోడు, మిట్ట ఎక్కలేక ఎద్దు మోకాళ్ల మీద పడిపోతే బండివాడు ముల్లుగర్రతో పొడిచాడు. నేరం ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు గారు పూర్తి జరిమానా, అంటే యాభై వేశారు. బండివాడు వంద నోటు తీశాడు. బెంచి క్లర్కు దగ్గర చిల్లర లేదు. బంట్రోతు బయట టీకొట్టుకి వెళ్లి చిల్లర తెచ్చేదాకా కోర్టంతా ఎదురు చూసింది. ఎద్దు సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు, నాతో సహా.

అంకె కన్నా నన్ను ఎక్కువ వేధించింది ఇంకొకటి. చంపడం, అవయవాలు నరకడం లాంటి కొన్నిటికి తప్ప, కొట్టడం, హింస పెట్టడం లాంటివాటికి ఆ చట్టం కింద పోలీసులు సొంతంగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. మేజిస్ట్రేటు అనుమతి కావాలి. స్టేషన్‌లో విసుగు అక్కడ మొదలవుతుంది.

మీరు చదివినదీ నిజమే. 2014 మే నెలలో జల్లికట్టు తీర్పులో ఈ శిక్షలు చాలవని, చట్టం సవరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 నవంబరులో కేంద్రం ముసాయిదా పెట్టి ప్రజల అభిప్రాయం అడిగింది. ఘోరమైన క్రూరత్వానికి 50,000 నుంచి 75,000 రూపాయల జరిమానా, లేదా ఏడాది నుంచి మూడేళ్ల జైలు, లేదా రెండూ. చంపితే ఐదేళ్ల వరకూ జైలు. పోలీసులు నేరుగా కేసు కట్టే వీలు కూడా అందులో ఉంది. ఆ కాగితం చట్టం కాలేదు. ఘోరానికీ మామూలు తప్పుకీ తేడా పెట్టడం మాత్రం నాకు నచ్చింది. ఆ బండివాడికి 75,000 వేస్తే ముందు ఎద్దునే అమ్ముకుంటాడు, అది కబేళాకే పోతుంది.

ఇక స్టేషన్‌లో ఆయన చెప్పని సగం. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిది చేసినా, పనికిరాకుండా చేసినా ఐదేళ్ల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీనికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు. పాత ఐపీసీలో కుక్కలాంటి జంతువుకి కనీసం ఇంత ఖరీదు ఉండాలని ఉండేది. ఊరకుక్క ఖరీదెంత అని డిఫెన్సు లాయరు లేచేవాడు, కోర్టులో నవ్వులు. కొత్త సెక్షన్‌లో ఖరీదు మాట తీసేశారు. అయినా "ఈ కుక్క ఎవరిది, నష్టం ఎవరికి" అన్న వాదన వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి.

కాటుకని వెంటనే ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్లి, గాయం సర్టిఫికెట్ రాయించుకోండి. ఆ గాయం వల్ల దానికి శాశ్వతమైన అవిటితనం వచ్చిందా లేదా అన్నది డాక్టరు గారిని స్పష్టంగా రాయమనండి. 325 నిలబడేది ఆ ఒక్క వాక్యం మీదే. ఫొటోలు, చూసినవాళ్ల పేర్లు, ఎవరింటికైనా సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డింగు చెరిగిపోకముందే. ఫిర్యాదులో 325తో పాటు 1960 చట్టం 11వ సెక్షన్ కూడా రాసి, రసీదు అడగండి. తీసుకోకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టులో పోలీసు కమిషనర్ గారికి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు. ఒక్క టెన్షన్ మాత్రం పెట్టుకోండి: 1960 చట్టం కింద నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు పడాలి, తర్వాత వీల్లేదు. మీకు కొంత గడువు ఇప్పటికే అయిపోయింది. 325కి ఆ గడువు లేదు.

మీ వారికి చెప్పండి, ఎదురింటాయనతో మాట్లాడటం మానక్కర్లేదు. కేసు వేరు, పలకరింపు వేరు.

ప్రశ్న: ఆర్.కె. బీచ్‌లో మా బాబు స్వారీ అడుగుతాడు. గుర్రం ముందుకాలికి పుండు ఉంది. చెబితే గుర్రం అబ్బాయి "మందు రాశాం సార్" అన్నాడు. ఇది నేరమేనా?
– ఒక తండ్రి, పెదవాల్తేరు

జవాబు: నేరమే. పుండుతోనో జబ్బుతోనో ఉన్న జంతువుతో పని చేయించడం 11వ సెక్షన్ కిందికే వస్తుంది, ఆ అబ్బాయితో పాటు చేయించే యజమానీ బాధ్యుడే. జరిమానా మాత్రం పైన చెప్పిన యాభయ్యే. కాలి ఫొటో తీసి, తేదీ వేసి ఫిర్యాదు ఇవ్వండి. మీ బాబు గుర్రం మీద ఉన్న ఫొటో మాత్రం జత చేయకండి, మీరే సాక్ష్యం ఇచ్చుకున్నట్టవుతుంది. ఈలోపు వాడికి ముంత మసాలా కొనిపెట్టి ఇంటికి తీసుకెళ్లండి.