ఆ గొడుగు ఎవరిదో ఇప్పటికీ చెప్పలేదు

"ఎంతో ఇష్టంగా చూసిన క్రైమ్ సిరీస్ మీద మీకు విరక్తి ఎప్పుడు పుట్టింది?" అని కదా ప్రశ్న. ఎప్పుడంటే చెప్పలేను. గొడుగు గురించి మాత్రం చెప్పగలను.

సిరీస్ పేరు చెప్పను. చెబితే దాని అభిమానులు వచ్చి "మీకు అర్థం కాలేదండీ" అంటారు. నాలుగు సీజన్లు నోట్సు రాసుకుంటూ చూసినవాడికే అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుందో నాకు తెలియదు.

అవును, నోట్సే. నేనూ మా అక్కా కలిసి చూసేవాళ్ళం. అందుకోసం ఒక లావుపాటి నోట్‌బుక్ పెట్టుకున్నాం. ఎడమ పేజీలో అనుమానితులు, కుడి పేజీలో ఆధారాలు. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌లో పోలీసులు హతుడి ఇంటికి వెళ్తారు. తలుపు పక్కన గోడకి ఆనించి ఒక ఆకుపచ్చ గొడుగు ఉంటుంది. దాని కొసనుంచి నీళ్ళు కారి నేల మీద చిన్న మడుగు కట్టింది. బయటేమో ఫెళ్ళున ఎండ కాస్తోంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు, కెమెరా మాత్రం కాసేపు అక్కడే ఆగుతుంది. అక్క మోచేత్తో నన్ను పొడిచింది. నేను "గొడుగు తడి. వాన లేదు. ఎవరిది?" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

మొదటి సీజన్ బాగుంది, కాదనను. ఒక శవం బోర్లా పడి ఉంటుంది, కానీ ఊదారంగు మరకలు వీపు మీద ఉంటాయి. గుండె ఆగాక రక్తం కిందివైపుకి దిగి అలా మరకలు కడుతుంది. సుమారుగా 8 నుంచి 12 గంటలు గడిస్తే అవి స్థిరపడిపోతాయి, ఆ తర్వాత శవాన్ని తిప్పినా చోటు మారవు. అంటే ఈ మనిషి ఎక్కడో చాలాసేపు వెల్లకిలా ఉన్నాడు, తర్వాత ఎవరో తెచ్చి ఇక్కడ పడేశారు. డిటెక్టివ్ ఇదంతా ఉపన్యాసంలా చెప్పదు. చొక్కా పైకెత్తి చూస్తుంది, దించుతుంది, "చచ్చిపోయింది ఇక్కడ కాదు" అంటుంది. అంతే. ఆ మరకలు మాకూ చూపించారు, మేమే పట్టించుకోలేదు. అలా ఓడిపోవడంలో ఒక సుఖం ఉంది.

అదే సిరీస్‌లో నాలుగో సీజన్‌కి వచ్చేసరికి పోస్ట్‌మార్టం డాక్టరు గుడ్డ తొలగించి ఒక్క చూపు చూసి "రాత్రి 10.10కి, 10.20కి మధ్య" అంటాడు. రైలు టైము చెప్పినట్టు! ఒంటి వేడి, కండరాలు బిగుసుకున్న తీరు, గది వాతావరణం అన్నీ లెక్కేసినా డాక్టర్లు కొన్ని గంటల వ్యవధిగానే చెప్పగలరు తప్ప పది నిమిషాల్లోకి కుదించలేరు. వేలిముద్రల సంగతి ఇంకా ఘోరం. కంప్యూటర్ తెర మీద మొహాలు గిర్రున తిరిగి టింగుమని ఒక దగ్గర ఆగుతాయి. నిజానికి కంప్యూటర్ ఇచ్చేది పోలికలున్న ముద్రల జాబితా మాత్రమే. గీత గీతా పోల్చి ఇదే అని తేల్చేది మనిషి. ఆ మనిషిని చూపించొచ్చు కదా? కళ్ళు పులుముకుంటూ, మెడ నొప్పితో, రెండు ముద్రల మీదికి వంగి కూర్చున్నవాణ్ణి. ఆ సీన్‌లో ఉండే టెన్షన్ ముందు వీళ్ళ కారు ఛేజింగులు ఎందుకూ పనికిరావు.

ఇంతకీ ఎక్కడ తేడా కొట్టిందంటే, డిటెక్టివ్ దగ్గర. రెండో సీజన్‌లో ఆమెకి నిద్ర పట్టదు. సరే. మూడో సీజన్‌లో ఆమె తండ్రి పాత కేసు బయటికొస్తుంది. ఊఁ, సరే. నాలుగో సీజన్‌లో హంతకులందరూ ఆమెకే ఉత్తరాలు రాస్తుంటారు. మూడో ఎపిసోడ్ మధ్యలో అక్క ఆపేసి "ఇంతకీ ఇందులో చచ్చిపోయినవాడి పేరేంట్రా?" అంది. ఇద్దరికీ గుర్తు రాలేదు. నోట్‌బుక్‌లో వెతికితే అక్కడా లేదు. హత్య జరిగిన కథలో హతుడి పేరు గుర్తులేదంటే అది మిస్టరీ కాదు, డిటెక్టివ్ ఆత్మకథ. నా అభిప్రాయంలో మూడు సీజన్లు దాటిన ఏ మిస్టరీ అయినా ఇంతే. అమెరికా డిటెక్టివ్ సిరీస్ 'కొలంబో' ఏళ్ళ తరబడి నడవలేదా అంటారేమో. అందులో హంతకుణ్ణి మొదట్లోనే చూపించేస్తారు, పైగా డిటెక్టివ్ కొలంబో ఇంటి గొడవలు మనకి చూపించరు. అది వేరే లెక్క.

మధ్యలో సబ్‌టైటిల్స్ పెట్టేవాళ్ళకి కూడా ఒక దండం. డైలాగులన్నీ గొణుగుతారు, సంగీతం మాత్రం చెవులు పగలగొడుతుంది, అందుకని సబ్‌టైటిల్స్ పెట్టుకుంటాం. ఒక ఎపిసోడ్‌లో గొంతు మార్చి ఎవరో ఫోన్‌లో బెదిరిస్తాడు. ఎవడా అని మేం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, కింద వాడి పేరు, పక్కన రెండు చుక్కలు, ఆపైన డైలాగు! "అయిపోయింది, పడుకుందాం పద" అని అక్క లేచిపోయింది.

ఇక నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్. హంతకుడు ఎవరయ్యా అంటే కవల తమ్ముడు. అప్పటిదాకా ఒక్క ఫొటోలో లేడు, ఒక్కరి నోటా వినపడలేదు. రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదరీ 1929లోనే డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది మొదటిది. ముందుగా తగిన సూచన లేకుండా కవలలను దించకూడదన్నది చివరిది. వీళ్ళు ఒక్క దెబ్బకి రెండూ కొట్టేశారు. ఆ రాత్రి అక్క నోట్‌బుక్ తెచ్చి మొదటి పేజీ నుంచి టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది. రాసుకున్న ఆధారాలు 63. జవాబు దొరికినవి 19. గొడుగు దగ్గరికి వచ్చాక పెన్ను మూత పెట్టేసింది.

కోపం హంతకుడు ఎవరన్న దాని మీద కాదు. తీసినవాళ్ళకే అది ముందు తెలియదేమోనన్న అనుమానం మీద. డెన్మార్క్ వాళ్ళు 2007లో 'ఫోర్‌బ్రూడెల్సెన్' అని తీశారు. 20 ఎపిసోడ్లు, ఒక్కోటి దర్యాప్తులో ఒక్కో రోజు. 20 పూర్తయ్యేసరికి హంతకుడు తేలిపోయాడు. దాన్నే అమెరికాలో 2011లో 'ది కిల్లింగ్' పేరుతో తీసి, 13 ఎపిసోడ్లు చూపించి, హంతకుణ్ణి చెప్పకుండానే సీజన్ ముగించారు. జనం తిట్టిపోశారు. జవాబు 2012లో, రెండో సీజన్ చివర్లో గానీ రాలేదు.

దీనికి ఎదురు వాదనగా అమెరికా సిరీస్ 'ట్విన్ పీక్స్'ని చూపిస్తారు. 1990లో మొదలైన ఆ సిరీస్‌లో లారా అనే అమ్మాయిని ఎవరు చంపారో త్వరగా చెప్పడం తీసినవాళ్ళకి ఇష్టం లేదు. ఛానల్ ఒత్తిడి మీద అదే ఏడాది నవంబరులో చెప్పేశారు, మరుసటి ఏడాది సిరీస్ ఆగిపోయింది. చూశారా, జవాబు చెబితే చస్తుంది అంటారు. నేనొప్పుకోను. చెప్పడం తప్పు కాదు, చెప్పాక కథ ఉంచుకోకపోవడం తప్పు. ఎన్ని ఎపిసోడ్లో, ఎక్కడ ముగుస్తుందో మొదలుపెట్టేముందే ప్రకటించాలని ఒక రూలు పెడితే సగం దరిద్రం వదులుతుంది.

మొన్న అయిదో సీజన్ వచ్చింది. చూడకూడదని ఇద్దరం ముందే అనుకున్నాం. నేను మాట మీద నిలబడ్డాను. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"గొడుగు లేదు. పడుకో."