నవోదయ పరీక్ష దగ్గరపడేకొద్దీ బాబుకు కడుపునొప్పి.. టానిక్‌తో తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బాబుకు పదేళ్లు. ఊళ్లోని బడిలో ఒడియా మీడియంలో ఐదో తరగతి చదువుతున్నాడు. నవోదయ పరీక్ష ఇంకా మూడు నెలలుంది. పొద్దున్న అయిదున్నరకు లెక్కల ట్యూషన్, బడి వదిలాక ఆటోలో రాయగడ వెళ్లి కోచింగ్. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆ తర్వాత పదకొండు దాకా హోంవర్క్. రెండు నెలలుగా పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. ఆదివారం కోచింగ్‌లో టెస్ట్ ఉంటే వాంతి కూడా అవుతోంది. నాలుగేళ్లప్పుడే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. నులిపురుగుల మాత్ర వేశాం, గ్యాస్ సిరప్ తాగించాం. దసరాకు పార్వతీపురంలో మా అమ్మగారింట్లో ఉన్నన్నాళ్లు ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. అందుకే నాటకాలాడుతున్నాడని మావారు కోప్పడుతున్నారు. మా బావగారి అబ్బాయికి నవోదయలో సీటొచ్చింది. వీడికి రాకపోతే ఎలాగా అని నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, గుండె దడ. విజయనగరంలో హాస్టల్ ఉన్న కోచింగ్‌లో వేద్దామా? జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా చెప్పండి. మొన్న రాత్రి వాడు "సీటొస్తే ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపుతారమ్మా?" అని అడిగాడు. చదువు తప్పించుకోవడానికే ఇలాంటివన్నీ అడుగుతాడు.
– ఒక తల్లి, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, మీ బాబు నాటకాలాడటం లేదు. ఆ నొప్పి నిజం. స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదంటే కడుపులో గడ్డలు, వాపులు లేవని అర్థం, నొప్పే లేదని కాదు. ఈ వయసు పిల్లల్లో బొడ్డు చుట్టూ వచ్చే నొప్పికి చాలాసార్లు ఏ పరీక్షలోనూ కారణం దొరకదు. భయం, టెన్షన్ ఉన్నప్పుడు శరీరంలో విడుదలయ్యే హార్మోన్ల వల్ల పేగుల కదలిక మారిపోతుంది. మామూలుగా మనకు తెలియని చిన్న కదలిక కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు పెద్దవాళ్లు రెండుసార్లు బాత్రూమ్‌కు పరిగెత్తడం లేదూ? దసరాకు అమ్మమ్మగారింట్లో నొప్పి రాలేదంటే అబద్ధం బయటపడిందని మీవారు అనుకుంటున్నారు. నేను మాత్రం జబ్బు ఎక్కడుందో అది చూపించిందని అనుకుంటున్నాను.

అయితే అంతా టెన్షనే అని కూర్చోకుండా కొన్ని విషయాలు చూసుకోవాలి. నొప్పికి రాత్రి నిద్రలోంచి లేస్తున్నాడా? నొప్పి బొడ్డు దగ్గర కాకుండా కుడివైపు కింద గానీ పక్కకు గానీ ఉంటోందా? బరువు తగ్గాడా? విరేచనంలో రక్తం, పచ్చటి వాంతి, విడవని జ్వరం, కీళ్ల నొప్పులు ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నా జవాబు పక్కన పెట్టి వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇంకొకటి, దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు ఎక్కువ. ఆ జబ్బు ఉన్న పిల్లలకు కడుపునొప్పి, ఒళ్లునొప్పులు వచ్చి పోతుంటాయి. ఇంతకుముందు ఆ పరీక్ష చేయించి ఉండకపోతే ఒక్కసారి చేయించండి. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. దాంతోపాటు హిమోగ్లోబిన్ చూసే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చాలు. పక్క తడపడం ఆగిపోయి ఏళ్ల తర్వాత మళ్లీ మొదలైతే మూత్రంలో చీము, షుగరు ఉన్నాయేమో చూడాల్సిందే. దాన్ని వదలకండి. ఈ విషయంలో బాబును తిట్టడం, అన్నదమ్ముల ముందు ఎగతాళి చేయడం అసలు వద్దు. అది వాడి చేతుల్లో లేదు.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి నేనే అడుగుతాను. వాడు దొడ్డికి ఎప్పుడు వెళ్తున్నాడు? పొద్దున్న అయిదున్నరకు ట్యూషన్‌లో ఉండాలంటే అయిదింటికే లేపుతారు. ఆ హడావుడిలో కూర్చునే టైముండదు. బడిలో మరుగుదొడ్డి వాడేలా ఉండదు, పిల్లలు ఆపుకొంటారు. సాయంత్రం ఆటో, కోచింగ్. "రోజూ వెళ్తాడండీ" అని తల్లులు చెబుతారు. విడిగా పిల్లాణ్ని అడిగితే మేకపెంటికల్లా గట్టిగా, రెండు మూడు రోజులకోసారి అవుతోందని తెలుస్తుంది. పేగులో మలం గట్టిపడి నిలిచిపోతే నొప్పి వస్తుంది, అది మూత్రసంచి మీద ఒత్తి పక్క తడిసేలా చేస్తుంది. ఈ రెండూ మీ బాబుకు ఉన్నాయి. అందుకే పొద్దున్న టిఫిన్ తిన్నాక పది నిమిషాలు, కాళ్లు నేలకో పీటకో ఆనేలా, తొందరపెట్టకుండా కూర్చోబెట్టండి. నీళ్లు, ఆకుకూరలు, జామకాయ, అరటిపండు పెంచండి. వారం పది రోజుల్లో మెత్తబడకపోతే డాక్టర్‌ను అడిగి విరేచనం మెత్తబడే మందు వాడొచ్చు. గ్యాస్ సిరప్ ఇక ఆపేయండి.

ఇక నిద్ర. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న అయిదు అంటే ఆరు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. వాడి నిద్ర కోసేసి, జ్ఞాపకశక్తికి టానిక్ అడుగుతున్నారు మీరు. మామూలుగా తింటున్న పిల్లల్లో జ్ఞాపకశక్తి పెంచుతుందని రుజువైన సిరప్ ఏదీ లేదు. రక్తం తక్కువగా ఉందని తేలితే ఐరన్ వేరే సంగతి. నిద్ర ఆపుకోవడానికి రాత్రి టీ ఇచ్చే అలవాటుంటే అదీ మానేయండి. నా మాట వింటే పొద్దున్న లెక్కల ట్యూషన్ రేపటి నుంచే మాన్పించండి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా లైటు ఆర్పేయాలి, ఆరున్నర దాకా లేపొద్దు. కోచింగ్ మాన్పించమని నేను అనడం లేదు. చదువు, తిండి, హాస్టల్ దొరికే సీటు మీలాంటి ఇంటికి ఎంత విలువైనదో నాకు తెలుసు.

పరీక్ష ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, 50 మార్కులు బొమ్మలతో ఉండే మేధాశక్తి విభాగానివే. మిగతావి లెక్కలు 20, భాష 20. తప్పు రాస్తే మార్కులు కోయరు. బొమ్మల ప్రశ్నలకు రోజుకో ముప్పావుగంట, అదీ అలసిపోని వేళ, సరిపోతుంది. అర్ధరాత్రి దాకా చేయిస్తే బొమ్మలు కళ్ల ముందు తిరగడం తప్ప ఏమీ రాదు. పూర్తి పేపరు వారానికి ఒక్కటి చాలు. ఓఎంఆర్ షీటు మీద బాల్‌పెన్‌తో గుండ్రం దిద్దాక చెరపడానికి వీల్లేదు కదా, చాలామంది పిల్లలకు అసలు భయం అక్కడే. ఒకటి తప్పు దిద్దితే "అయిపోయింది" అని చేతులు వణుకుతాయి. ఇంట్లో ఉత్త గుండ్రాలు దిద్దే సాధన చేయించండి. తప్పు పడితే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవడం కూడా అందులోనే నేర్పండి.

విజయనగరం హాస్టల్ గురించి నా జవాబు: వద్దు. పదేళ్ల పిల్లాడికి కడుపునొప్పి, పక్క తడపడం ఉండగా తెలియనివాళ్ల మధ్య పడుకోబెడితే రెండూ ఎక్కువవుతాయి. అది డాక్టర్‌గా చెప్పే మాట. ఇంకో మాట రూల్స్ తెలిసినవాడిగా చెబుతున్నాను. ఏ జిల్లా నవోదయలో సీటు కావాలో ఆ జిల్లాలోనే పిల్లాడు ఐదో తరగతి చదువుతూ ఉండాలి, ఆ జిల్లా నివాసి అయి ఉండాలి. బడి మార్చి విజయనగరంలో చేర్పిస్తే రాయగడ నవోదయకు అర్హతే పోతుంది. పైగా సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా ఆ కోటా వర్తించదు. మీ ఊరి బడే మీ వాడికున్న బలం, దాన్ని మీ చేత్తో వదులుకోకండి. "పేరు అక్కడ, పిల్లాడు ఇక్కడ" అని చెప్పే కోచింగ్‌వాళ్ల మాట అసలు వినొద్దు. సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికితే వచ్చిన సీటు కూడా పోతుంది. అన్నట్టు, 16 ఏళ్ల లోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరు పాటిస్తున్నారనేది మీరే చూస్తున్నారు.

ఇప్పుడు మీరు చివర్లో, విసుగ్గా రాసిన మాట దగ్గరికి వస్తాను. "ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపుతారమ్మా?" ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది అదే. సీటు రాదేమోనని మీరందరూ భయపడుతున్నారు. వాడి భయం సీటు వస్తుందేమోనని కూడా కావచ్చు. రాకపోతే నాన్న తిడతాడు, పెదనాన్న కొడుకుతో పోలుస్తారు. వస్తే అమ్మను వదిలి వెళ్లాలి. ఎటు చూసినా నష్టమే కనిపిస్తున్న పిల్లాడు ఆ సంగతి నోటితో చెప్పలేడు. ఆ ప్రశ్నకు మీరు సరిగ్గా జవాబు చెప్పండి. వేసవికి, దసరాకు సెలవులిస్తారని, మధ్యలో తల్లిదండ్రులు వెళ్లి చూసే రోజులుంటాయని చెప్పండి. వీలైతే సీటొచ్చిన మీ బావగారి అబ్బాయినే సెలవులకు వచ్చినప్పుడు మాట్లాడించండి. మార్కుల గురించి వద్దు. పడక ఎలా ఉంటుంది, తిండి ఏం పెడతారు, మొదటి వారం ఏడ్చాడా, ఇలాంటివి. అంతా చెప్పాక "నీకు వెళ్లాలని ఉందా?" అని అడిగి, ఏం చెప్పినా కోప్పడకుండా వినండి. వాడు వద్దంటే పరీక్ష రాయించొద్దని నేను అనడం లేదు. రాయి, సీటొస్తే అప్పుడు కలిసి ఆలోచిద్దాం అని చెప్పొచ్చు. ఆ మాట నిజంగానే అనుకుని చెప్పాలి, పరీక్ష రాయించుకోవడానికి కాదు.

ఆరో తరగతికి నవోదయ పరీక్ష ఒక్కసారే రాయగలం, అందుకే ఇంత ఒత్తిడి, నిజమే. కానీ ఖాళీలున్నచోట తొమ్మిదో తరగతిలో చేరడానికి మళ్లీ పరీక్ష ఉంటుంది. సైనిక్ స్కూళ్లకు కూడా ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశాలున్నాయి, విజయనగరం దగ్గర కోరుకొండ మీకు తెలిసే ఉంటుంది. ఒడిశాలో బ్లాకుకొకటి చొప్పున ఆదర్శ విద్యాలయాలు ఉన్నాయి, పిల్లాడు ఇంటి నుంచే వెళ్లి ఇంగ్లిష్ మీడియంలో చదువుకోవచ్చు. మీవారు "సీటు రాకపోతే కూలికి పోతావు" లాంటి మాటలు అంటుంటే ఈ సంగతులు ఆయనకు చదివి వినిపించండి. నవోదయకు ఒక్కో స్కూల్లో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. అంటే బాగా చదివే పిల్లలకు కూడా చాలామందికి రాదు.

పొద్దున్న నొప్పి వస్తే ఏం చేయాలని అడుగుతారు. "నొప్పిగా ఉందా? ఎంత ఉంది?" అని మీరుగా అడగొద్దు, అడిగేకొద్దీ వాడి ధ్యాస అక్కడికే పోతుంది. వాడు చెబితే "సరే నాన్నా, కాసేపు పడుకో" అని పది నిమిషాలు పడుకోబెట్టండి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఊపిరి పీల్చి వదలమనండి. ఫోన్, టీవీ ఇవ్వొద్దు. తర్వాత బడికి పంపండి. బడి మాన్పించడం అలవాటైతే తిరిగి వెళ్లడం కష్టం. మానితే కోచింగ్ మానాలి గానీ బడి కాదు.

చివరగా మీ సంగతి. మూడింటికి మెలకువ, గుండె దడ అని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీరు కూడా నా పేషెంటే అనుకోండి. బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తహీనతలో, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు అచ్చం ఇలాగే దడ ఉంటుంది. అవి బాగానే ఉంటే ఇది ఆందోళన, దానికి వైద్యం ఉంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో కౌన్సిలర్లు ఉచితంగా, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఏ వేళైనా సరే. కోచింగ్‌వాళ్లు మార్కులు పెట్టే వాట్సాప్ గ్రూప్‌ను మ్యూట్‌లో పెట్టి, వారానికి ఒక్కసారి చూడండి. రాత్రి పదింటికి ఎవరి పిల్లాడికి 92 వచ్చాయో చూసి పడుకుంటే మూడింటికి మెలకువ రాక ఏమవుతుంది? ఇంట్లో పరీక్ష ముచ్చట సాయంత్రం ఒక అరగంటకే పరిమితం చేయండి. అన్నం తినేటప్పుడు అసలు వద్దు.

ఈ మార్పులు చేసి నెల రోజులు చూడండి. ఏ రోజు నొప్పి వచ్చింది, ఆ రోజు ఏముంది, దొడ్డికి వెళ్లాడా, ఎన్ని గంటలు పడుకున్నాడు అనేది ఒక పాత నోట్‌బుక్‌లో బాబుకు కనపడకుండా రాసుకోండి. నొప్పి తగ్గకపోయినా, బడికి కూడా వెళ్లనని మొండికేసినా, "నేను ఉండకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కటి అన్నా ఆలస్యం చేయకుండా ఆ పుస్తకం పట్టుకుని రాయగడ జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌ను కలవండి.