మేనకోడలికి, నెట్ వ్యాపారం గురించి

అమ్మడూ,

కొర్లగుంటలో కేబుల్ నెట్‌వర్క్ తీసుకుంటున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మా అన్న కూతురు నలుగురికి ఇంటర్నెట్ ఇచ్చే ఓనరమ్మ అవుతోందంటే ఎంత గర్వంగా ఉందో. అంతలోనే భయం పట్టుకుంది, రాత్రి నిద్ర లేదు. తిరుపతిలో ఏళ్ల తరబడి కేబుల్ ఆఫీసులో కంప్లైంట్ ఫోన్ ఎత్తినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నా.

అగ్రిమెంట్ లాయరుకు చూపించు. స్తంభాలకు అనుమతి కాగితం మీద తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

అసలు లెక్క రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉంటుంది. పాత కోయాక్సియల్ లైన్లో, అంటే టీవీ కేబుల్ వైరులో, ఒక్కో 8 మెగాహెర్ట్జ్ ఛానల్‌కు సుమారు 50 ఎంబీపీఎస్, ఆ నోడ్ మీద, అంటే వీధి పెట్టె మీద, ఉన్న ఇళ్లన్నీ దాన్నే పంచుకోవాలి. అప్‌లోడ్ కింది ఫ్రీక్వెన్సీల్లో పోతుంది కాబట్టి ఒక ఇంట్లో తుప్పు పట్టిన కనెక్టర్ నుంచి వచ్చే నాయిస్ వీధి మొత్తాన్నీ ఇబ్బంది పెడుతుంది. ఫైబర్ వేసినా జీపాన్‌లో, అంటే ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చి ఇచ్చే పద్ధతిలో, పోర్టుకు డౌన్‌లోడ్ 2.5 జీబీపీఎస్, దాని మీద 64 ఇళ్లుంటే, అన్నీ ఒకేసారి లాగితే ఇంటికి 40 ఎంబీపీఎస్ కూడా రాదు. అయినా 100 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మడం తప్పు కాదు, అందరూ ఒకే క్షణంలో లాగరు కాబట్టే ఈ వ్యాపారం నడుస్తుంది. ఎంతమందికి అమ్ముతున్నావో, పై కంపెనీ నుంచి ఎంత బ్యాండ్‌విడ్త్ కొంటున్నావో తెలియకుండా అమ్మడమే తప్పు.

2020 లాక్‌డౌన్‌లో మా ఓనరు అదే చేశాడు. పిల్లల క్లాసులు, ఇంటి నుంచి ఆఫీసు పనులు, పొద్దున్నించే లింకు నిండిపోయేది. రెండు నెలల ముచ్చటే కదా అని ఆయన అదనపు బ్యాండ్‌విడ్త్ కొనలేదు, కొత్త కనెక్షన్లు మాత్రం ఇస్తూనే పోయాడు. చివరికి రూటర్లో అందరి స్పీడూ సగానికి దించి, స్పీడ్ టెస్ట్ సైట్లకు మాత్రం అడ్డు తీసేయించాడు. టెస్ట్ చేస్తే 50 చూపిస్తుంది, క్లాసులో బొమ్మ మాత్రం కదలదు. బైరాగిపట్టెడ నుంచి ఒక టీచరమ్మ రోజూ ఫోన్ చేసేది. పాపం కోప్పడేది కూడా కాదు, "టెస్టులో బాగానే వస్తోందండీ, నా ల్యాప్‌టాపే పాడైందేమో" అనేది. అప్పు చేసి కొత్తది కొనుక్కుంది. మళ్లీ అలాగే ఆగిపోయింది. తర్వాత వాళ్లబ్బాయి వేరే సర్వర్ నుంచి పెద్ద ఫైలు దించి చూసి సంగతి కనిపెట్టాడు, వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, నెల తిరిగేసరికి ఆ వీధి మొత్తం మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. ఓనరుకు కనెక్షన్లు పోయినందుకు నాకు బాధ లేదు. ఆ ల్యాప్‌టాప్ అప్పు తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నీ ఆఫీసులో అలాంటిది జరిగిందని నా చెవిన పడితే, మేనకోడలివని కూడా చూడను.

కాబట్టి లింకు ఎంత నిండుతోందో చూపే గ్రాఫు రోజూ చూడు. పీక్ టైములో లింకు వాడకం 80 శాతం లోపే ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే నియమం పెట్టింది, 90 దాటితే ఇరుకైనట్టే లెక్క, నెలలోపు బ్యాండ్‌విడ్త్ పెంచాలని అందులో ఉండేది. నువ్వు 90 దాకా ఆగకు, 70 దగ్గరే పై కంపెనీకి ఫోన్ చెయ్. లింకు నిండినప్పుడు ఎక్కువ వాడే ఒక్క ఇంటిని పట్టుకుని నొక్కకు, ఉన్నది అందరికీ సమానంగా పంచేలా రూటర్లో పెట్టించు. ఎఫ్‌యూపీ, అంటే ఇంత వాడాక స్పీడు తగ్గే షరతు, పెడితే ఎన్ని జీబీల తర్వాత ఎంతకు దిగుతుందో బిల్లు మీద తెలుగులో రాయించు. 2023 నుంచి బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి, అంతకంటే కిందికి దించొద్దు.

ఇంకోటి, వానలో స్తంభం ఎక్కకు తల్లీ. 2021 నవంబర్ వానలు గుర్తున్నాయి కదా, వీధుల్లో నీళ్లు, స్తంభాల మీద కరెంటు తీగలూ మన వైర్లూ కలిసిపోయి ఉండేవి, అయినా జనం ఫోన్లు ఆపలేదు. ఎవరెంత అరిచినా వాన తగ్గేదాకా నీ కుర్రాళ్లనూ పంపకు. తిట్లు నేను వచ్చి తింటాను, ఫోన్ నాకివ్వు.

సంతకం పెట్టకముందే, పైనుంచి రాత్రిపూట ఎంత బ్యాండ్‌విడ్త్ గ్యారంటీ అంటున్నారో ఆ పేజీ ఫోటో తీసి పంపు.

మీ అత్త