కూల్ రూఫ్ వేయకపోతే పర్మిషన్ ఇయ్యరా?

ప్రశ్న: మాది హన్మకొండల 200 గజాల జాగ, ఇల్లు కడుతున్నం. కూల్ రూఫ్, అంటే ఎండను పైకి కొట్టేసే తెల్ల పూత లాంటి కప్పు, లేకుంటే పర్మిషన్ రాదంటున్నరు, నిజమేనా సార్?

జవాబు: మీకు ఆ భయం లేదమ్మా. 2023ల రాష్ట్ర సర్కారు తెచ్చిన పాలసీల 600 గజాల కంటే చిన్న ఇండ్లకు అది మన ఇష్టం, సర్కారు బిల్డింగులకు, కమర్షియల్ వాటికే తప్పనిసరి, పెద్ద ఇండ్లకు కూడా. నన్నడిగితే మాత్రం వేసుకోండ్రి, ఎందుకంటే పొద్దంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదింటిదాకా ఆ వేడిని ఇంట్లకే వదుల్తది, మన ఓరుగల్లు మే నెల సంగతి తెలిసిందే గదా, తెల్ల పూతైతే ఎండను పైకే కొట్టేస్తది. ఉత్త సున్నం చవక గానీ వానలకు పోతది. దుమ్ము పడితే కడగాలె, అది ఎవరూ చెప్పరు! సోలార్ కూడా పెడ్తరా, 3 కిలోవాట్లకు కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు, పలకల నీడ స్లాబుకు ఫ్రీ.