అడ్మిన్‌గా రన్ చేస్తే సేవ్‌లు మాయం: ఫోల్డర్ మార్చండి

మీరు అడిగింది పాత పీసీ గేమ్ సేవ్‌ల (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైళ్ల) గురించి. మీ చిత్తూరు షాపులో ఒకే పీసీ, రెండు విండోస్ అకౌంట్లు. మీ సేవ్ మీ తమ్ముడికి కనబడదు, అడ్మిన్‌గా (రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కి) రన్ చేస్తే మీకే కనబడదు అన్నారు. గేమ్ పాడవలేదు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చేయడమే కారణం. పాత 32 బిట్ గేమ్ అక్కడ సేవ్ ఫైలు రాయబోతే విండోస్ ఒప్పుకోదు. ఆ ఫైలును గుట్టుగా వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్‌లో పెడుతుంది, అదీ ఏ అకౌంట్‌కి ఆ అకౌంట్‌కే. అడ్మిన్‌గా నడిపితే గేమ్ అటువైపే చూడదు.

1. అన్‌ఇన్‌స్టాల్ కంటే ముందు సేవ్‌లు తీసుకోండి. అందరూ వదిలేసేది ఇదే. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, హిడెన్ ఐటమ్స్‌కి (విండోస్ 11లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్‌కి) టిక్ పెట్టండి. సి డ్రైవ్, యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్, ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86) వరసగా తెరవండి. అందులో గేమ్ ఫోల్డర్‌ని డెస్క్‌టాప్‌కి కాపీ చేయండి. తమ్ముడి అకౌంట్‌లోనూ ఇదే పని.

2. అన్‌ఇన్‌స్టాల్ చేసి, డి డ్రైవ్‌లో గేమ్స్ అనే ఫోల్డర్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఫోల్డర్‌ని ఊరికే జరిపితే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట) పాత దారే మిగులుతుంది. ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, తెలుగు పేరుంటే కొన్ని పాత గేములు తెరుచుకోవు.

3. సేవ్‌లు కొత్త ఫోల్డర్‌లో వేయండి. ఇద్దరివీ ఒకే పేరుతో ఉంటే ఒకదాని మీద ఒకటి పడి ముందుది చెరిగిపోతుంది, ముందే ఒకరి సేవ్‌ని వేరే స్లాట్ (సేవ్ వరస) నంబరుకి మార్చండి.

ఇక అడ్మిన్‌గా రన్ చేయక్కర్లేదు.