ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటున్న అబ్బాయి కౌన్సిలర్ కావాలనుకుంటే

ప్రశ్న: మేము కెనడాలోని హామిల్టన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా మూడో ఏడాదిలో ఉన్నాడు. అది మానేసి 2026లో నగర కౌన్సిల్‌కు పోటీ చేస్తానని, తరువాత ఒంటారియో శాసనసభకు వెళ్తానని పట్టుబడుతున్నాడు. చేతిపని చేసేవారికి రాజకీయాల్లో చోటు దొరుకుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ సందేహానికి మీ ఊళ్లోనే జవాబు ఉంది. కొండ అంచున ఉన్న పార్కుకు ఎవరి పేరు పెట్టారో ఆ సామ్ లారెన్స్, ఇంగ్లండు నుంచి 1912లో కెనడాకు వలస వచ్చిన రాతిపని మేస్త్రీ. కార్మిక సంఘంలో పనిచేస్తూ 1920లలో నగర కౌన్సిల్‌కు ఎన్నికైన ఆయన, 1934లో సీసీఎఫ్ అనే వామపక్ష పార్టీ తరఫున ఒంటారియో శాసనసభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో ఆ పార్టీకి దక్కిన ఏకైక స్థానం అదే. 1937లో ఓడిపోయినా 1944లో మేయరయ్యారు, 1946 నాటి స్టెల్కో ఉక్కు కర్మాగారం సమ్మెలో మేయరు హోదాలోనే కార్మికుల పక్షాన నిలిచారు.

కాబట్టి మీ అబ్బాయి కోరికను తప్పుపట్టను. అయితే పని మధ్యలో మానేయడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఎలక్ట్రీషియన్ అర్హత పత్రానికి సుమారు 9,000 గంటలు, అంటే దాదాపు ఐదేళ్లు పడుతుంది. అందులో సగం దాటిన తరువాత వదిలేసి ఎన్నికల్లో ఓడిపోతే, చేతిలో పత్రమూ ఉండదు, పదవీ ఉండదు. పత్రం ఉంటే, ఓడిన మర్నాడే పనిలోకి వెళ్లవచ్చు. జీతం కోసం పదవిని పట్టుకు వేలాడవలసిన అవసరం లేని నాయకుడు ధైర్యంగా మాట్లాడగలడని కూడా నా నమ్మకం.

ఒంటారియోలో నగర ఎన్నికలు నాలుగేళ్లకోసారి జరుగుతాయి, రాబోయేవి 2026 అక్టోబర్ 26న. కౌన్సిలర్ పోటీకి 100 డాలర్ల రుసుము, 25 మంది ఓటర్ల సంతకాలు కావాలి. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, కంపెనీలూ కార్మిక సంఘాలూ అభ్యర్థికి విరాళం ఇవ్వకూడదు కనుక, వార్డులో ఇంటింటికీ తిరిగి సంపాదించుకున్న పరిచయమే పెట్టుబడి. శాసనసభకు వెళ్లాలంటే ముందు పార్టీ టికెట్ దక్కాలి. గెలిచాక కౌన్సిలర్ పదవిలో కొనసాగడానికి వీలుండదు.

ఈసారి తనకు నచ్చిన అభ్యర్థి ప్రచారంలో సాయంత్రాలు పనిచేయమనండి. తలుపు తట్టినప్పుడు జనం ఏమడుగుతారో అక్కడే తెలుస్తుంది. కార్మిక సంఘం సమావేశాలకు వెళ్లమనండి, నగర పాలక సంస్థ పౌరులతో ఏర్పరిచే సలహా సంఘాల్లో ఒకదానికి దరఖాస్తు పెట్టమనండి. 2030 నాటికి అర్హత పత్రం ఉన్న పనివాడిగా, వార్డుకు తెలిసిన మనిషిగా తానే నిలబడవచ్చు.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటుంది: అబ్బాయికి కెనడా పౌరసత్వం వచ్చిందా? శాశ్వత నివాసులకు ఇక్కడ ఓటూ లేదు, పోటీ చేసే హక్కూ లేదు. రాకపోతే, గడిచిన ఐదేళ్లలో 1,095 రోజులు దేశంలో ఉన్నట్టు లెక్క తేల్చుకుని ఆ దరఖాస్తు ముందుగా పెట్టించండి.